మంచు తుఫాను రాని ఏడాది రుడాల్ఫ్ సంగతేమిటి?

అమెరికాలో క్రిస్మస్ సెలవుల్లో టీవీ ముందు కూర్చుని పెరిగిన ప్రతి తరానికీ రుడాల్ఫ్ తెలుసు. ఎర్రగా వెలిగే ముక్కుతో పుట్టిన రెయిన్‌డీర్ పిల్ల అది. తోటివాళ్లు వెక్కిరిస్తారు, ఆటల్లోకి రానివ్వరు. చివరికి క్రిస్మస్‌కు ముందు రోజు రాత్రి దారీతెన్నూ కనిపించని తుఫాను పట్టుకుంటే, శాంటాక్లాజ్ బండికి ఆ ముక్కే దీపమవుతుంది. రాంకిన్-బాస్ సంస్థ బొమ్మలతో తీసిన ఈ చిత్రం 1964 డిసెంబరు 6న ఎన్‌బీసీలో మొదటిసారి ప్రసారమైంది. నేటికీ ఏటా వస్తూనే ఉంది.

దీనికి ఎవరైనా కొనసాగింపు రాయాలనుకుంటే, మరుసటి ఏడాది క్రిస్మస్ దగ్గర మొదలుపెట్టాలి. ఆ రాత్రి తుఫాను లేదు. ఆకాశం నిండా చుక్కలు. దీపంతో పనిలేని ఆ రాత్రి రుడాల్ఫ్‌ను బండికి ముందు కడతారా, ఇంటి దగ్గర ఉండమంటారా? ఒక ప్రాణి విలువ అది చేసే పనిలో ఉందా, అది ఉండటంలోనే ఉందా అన్నది మతాలు, తత్వవేత్తలు తరతరాలుగా తర్కించిన ప్రశ్న. పిల్లల బొమ్మల కథలో కూడా అదే దాగి ఉంది.

రుడాల్ఫ్ పుట్టిందే వ్యాపారం కోసం. 1939లో షికాగోలోని మాంట్‌గోమరీ వార్డ్ దుకాణాల సంస్థ, పండక్కి పిల్లలకు ఉచితంగా పంచడానికి ఒక చిన్న పుస్తకం రాయమని తన ఉద్యోగి రాబర్ట్ మేని అడిగింది. అప్పటికి ఆయన భార్య క్యాన్సర్‌తో మంచాన ఉంది. పుస్తకం పూర్తయ్యేలోపే కన్నుమూసింది. మిషిగన్ సరస్సు మీంచి కమ్ముకొస్తున్న పొగమంచును ఆఫీసు కిటికీలోంచి చూసినప్పుడు ఆయనకు వెలిగే ముక్కు ఆలోచన తట్టింది. ఆ ఏడాది 24 లక్షల ప్రతులు పంచారు. మే రాసిన కథలో రుడాల్ఫ్‌ను అమ్మానాన్నలు ప్రేమగా పెంచారు. పదేళ్ల తర్వాత ఆయన సోదరి భర్త జానీ మార్క్స్ కట్టిన పాటలో ఆ అమ్మానాన్నలే లేరు. అక్కడ ముక్కు పనికొచ్చాకే అందరూ ముద్దు చేస్తారు. 1964 చిత్రంలోనైతే తండ్రి డోనరే కొడుకు ముక్కుకు మట్టి మెత్తి దాచేస్తాడు.

అయితే చిత్రానికి దక్కాల్సిన న్యాయం దక్కాలి. ఇల్లు వదిలి వెళ్లిన రుడాల్ఫ్ తిరిగొచ్చాక డోనర్ క్షమాపణ అడుగుతాడు, తాను పొరబడ్డానేమోనని శాంటాకూ తోస్తుంది. ఇదంతా ముక్కు అవసరం పడకముందే జరుగుతుంది. కానీ అది కథలో కొద్ది క్షణాల మాట. జేజేలు మాత్రం ముక్కు పనికొచ్చిన తర్వాతే.

ఈ లోటును అందరికంటే ముందు పట్టుకున్నది ప్రేక్షకులు. చిత్రంలో లోపాలున్న బొమ్మలన్నీ చేరే ఒక దీవి ఉంది. చతురస్రపు చక్రాల రైలు, ఒంటి నిండా మచ్చల ఏనుగు, ఎగరడం రాక ఈత మాత్రమే వచ్చిన పక్షి అక్కడే ఉంటాయి. వాటికి ఇళ్లు వెతికిపెడతానని శాంటా మాటిస్తాడు. మొదటి ప్రసారంలో ఆ మాట నిలబెట్టుకున్నట్టు ఎక్కడా చూపలేదు. చూసినవాళ్లు ఊరుకోలేదు, ఫిర్యాదు చేశారు. దాంతో 1965లో శాంటా దీవికి వెళ్లి వాటిని బండెక్కించుకునే దృశ్యం కొత్తగా తీసి కలిపారు. వెలిగే ముక్కులా ఏ అక్కరా తీర్చలేని ఆ బొమ్మల కోసం జనం పట్టుబట్టారు. ఈ కథకు నిజమైన తొలి కొనసాగింపు అదే.

తర్వాత కొనసాగింపులుగా వచ్చిన చిత్రాలు ఈ ప్రశ్న జోలికి పోలేదు. 1979 చిత్రంలోనైతే రుడాల్ఫ్ ముక్కును చెడుకు వాడితే ఆరిపోతుందన్నారు. ముక్కు ఆరిపోయినా రుడాల్ఫ్ రుడాల్ఫే కదా అన్నది తేల్చాల్సిన సంగతి. 1785లో తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ వెలకూ గౌరవానికీ మధ్య గీత గీశాడు. వెల ఉన్నదాని స్థానంలో సమానమైన ఇంకొకటి పెట్టవచ్చు. వెలకు అతీతమైనదానికి ఉన్నది గౌరవం. ముక్కు బదులు మంచి లాంతరు దొరుకుతుంది. రుడాల్ఫ్ బదులు ఏది దొరుకుతుంది?

క్రిస్మస్ ఎవరి పుట్టుక పండగో, ఆ యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ ఇంకా సూటిగా ఉంటుంది. లూకా సువార్త 15వ అధ్యాయంలో ఆస్తి తగలేసిన కొడుకు, కూలివాడిగానైనా పెట్టుకోమని తండ్రిని అడగాలని దారిలో మాటలు కూర్చుకుంటాడు. కొడుకు ఇంకా దూరంలో ఉండగానే తండ్రి పరుగెత్తుకెళ్లి కౌగిలించుకుంటాడు. కొడుకు తప్పు ఒప్పుకుంటాడు గానీ, కూలి మాట దగ్గరికి వచ్చేలోపే తండ్రి మంచి బట్టలు తెమ్మని పనివాళ్లను పిలుస్తాడు. పనికొస్తావు కాబట్టి ఇంట్లో ఉండు అనే బేరానికి ఆ గుమ్మంలో చోటే లేదు.

రాయబోయే కొనసాగింపులో శాంటా కూడా అలాగే చేయాలి. వాతావరణ వార్త రాకముందే డోనర్ ఇంటికి వెళ్లి, ఆకాశం ఎలా ఉన్నా ఈసారీ నువ్వు మాతో రావాలని రుడాల్ఫ్‌ను పిలవాలి.

దిద్దాల్సింది ఇంకొకటి ఉంది. చివర్లో పేర్లు పడుతుండగా, ఒక ఎల్ఫ్ బొమ్మలకు గొడుగులిచ్చి బండిలోంచి ఒక్కొక్కటే కిందికి వదులుతుంటాడు. పక్షి వంతు రాగానే ఎగరగలదనుకుని గొడుగు లేకుండానే వదిలేస్తాడు. దానికి ఎగరడం వచ్చా అని ఎవరూ అడగలేదు. దయతో చేరదీసినా, ఎదుటివాళ్లెవరో తెలుసుకోకపోతే ఆ చేరదీత సగంలోనే ఆగిపోతుంది. ఈ డిసెంబరులో పిల్లలతో కలిసి ఈ చిత్రం చూసేవాళ్లు పేర్లు పడుతుండగానే టీవీ కట్టేయకండి. ఆ పక్షి ఏమైందని పిల్లలు అడిగితే, తర్వాతి కథ వాళ్లనే చెప్పనివ్వండి.