నీ బిడియం గురించి

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. సెమినార్ రోజున జ్వరమని చెప్పి హాస్టల్లోనే ఉండిపోయావనీ, నీ వంతు కూడా నీ జతలో ఉన్న అమ్మాయే చెప్పాల్సి వచ్చిందనీ రాశావు. "నేను పుట్టుకతోనే ఇంట్రోవర్ట్‌ని, నా వల్ల కాదు" అన్నావు. పుట్టుక మాట కొంతవరకు నిజమే. నా వల్ల కాదన్న మాట దగ్గరే నాకు పేచీ.

హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాలుగు నెలల పసివాళ్ళ ముందు రంగుల బొమ్మలు ఊపించి, కొత్త గొంతులు వినిపించి, ఆల్కహాల్‌లో ముంచిన దూది వాసన చూపించి గమనించాడు. అయిదుగురిలో ఒకరు కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ ఏడ్చారు. పెరిగే కొద్దీ బిడియం ఆ పిల్లల్లోనే ఎక్కువగా కనిపించింది. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం వాళ్ళలో కొత్తదనానికి త్వరగా స్పందిస్తుందని ఆయన భావించాడు. రెండేళ్ళ వయసులో బెరుకుగా ఉన్న పిల్లల్ని పెద్దయ్యాక స్కాన్ చేసి చూసిన ఫలితాలు 2003లో వచ్చాయి. కొత్త ముఖాలు చూసినప్పుడు ఆ భాగం వాళ్ళలో ఎక్కువ చురుగ్గా పనిచేసింది. నీ గుండెదడ నటన కాదు తల్లీ. పిరికిదానివని ఎవరన్నా అంటే తలవంచుకోకు.

అయితే ఏడ్చిన పసివాళ్ళలో ఎక్కువమంది మరీ భయస్థులుగా మిగిలిపోలేదు. సభల్లో చెలరేగిపోయేవాళ్ళూ కాలేదనుకో. బిడ్డకు ఏ చిన్న భయమూ కలగకుండా అడ్డుపడిన తల్లుల పిల్లల్లోనే బెరుకు ఎక్కువగా నిలిచింది. ఆ రోజు జ్వరం పేరుతో నిన్ను నువ్వు అలాగే కాపాడుకున్నావు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు మనవాళ్ళు. ఆ సామెతను నేను ఒప్పుకోను. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి, స్వభావంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతానికి వంశపారంపర్యం కారణం. అది జనంలో కనిపించే తేడాల లెక్క, నీ ఒక్కదానిలో సగం ముందే రాసిపెట్టి ఉందని దాని అర్థం కాదు. బిడియానికంటూ ఒక జన్యువు కూడా లేదు. ఎన్నో జన్యువులు ఉన్నాయి, ఒక్కోదాని ప్రభావం ఆవగింజంత. యవ్వనం దాటుతున్న కొద్దీ చాలామందిలో బాధ్యతా, నిలకడా పెరుగుతాయని కూడా తేలింది.

నువ్వు వేరే మనిషివి కావాలని నేను అనను. తక్కువ మాట్లాడు, ఒంటరిగా చదువుకో, అందులో తప్పేమీ లేదు. కానీ నీ స్వభావం బరువు ఇంకొకరి నెత్తిన పడితే అది స్వభావం కాదు, అన్యాయం. ముందు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పి, క్షమించమని అడుగు. వచ్చే సెమినార్‌కి వారం ముందు నుంచీ ఖాళీ క్లాసులో ఆమె ఒక్కదాని ముందే చెప్పి చూసుకో. ఎలా జరిగిందో నాకు రాయి.

నీ పెదనాన్న