బాష్పం

నానమ్మ పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. చుట్టాలకి ఫోన్లు చేశాను, ఫ్రీజర్ బాక్స్ తెప్పించాను, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయించాను. పదోరోజున మేనత్త అనేసింది: "నిన్ను పెంచింది ఆవిడే కదరా, ఒక్క చుక్కైనా రాలలేదేంరా?" నా దగ్గర జవాబు లేదు.

చాన్నాళ్ళ తర్వాత ఒక మాట దగ్గర ఆగిపోయాను: బాష్పం. ఈ రోజుల్లో దీన్ని విడిగా ఎవరూ పెద్దగా వాడరు. కథల్లో ఆనందబాష్పాలు, సైన్సు పుస్తకంలో బాష్పీభవనం, పేపర్లో బాష్పవాయువు. ఇలా వేరే మాటల పక్కన చేరి బతుకుతోంది. పేపర్లో అయితే తరచూ 'బా' కాస్తా 'భా' అయిపోతుంది కూడా. బాష్పీభవనం బట్టీ పట్టిన రోజుల్లో అందులో కన్నీళ్ళున్నాయని నాకెవరూ చెప్పలేదు. సంస్కృతంలో బాష్పమంటే ఆవిరీ, కన్నీరూ కూడా. అమరకోశం నానార్థవర్గం ఆ రెండర్థాలనీ పక్కపక్కనే పెట్టింది.

అందుకేనేమో, బాష్పం రాలి తీరాలని లేదు. శాకుంతలం నాలుగో అంకంలో కూతుర్ని అత్తారింటికి పంపుతూ కణ్వుడు బాష్పాన్ని ఆపుకుంటాడు. అది గొంతుకి అడ్డం పడుతుంది. అడవిలో ఉండే నాకే ఇలా ఉంటే సంసారుల సంగతేమిటి అనుకుంటాడు.

బాష్పవాయువుది దీనికి ఎదురు కథ. అక్కడ దుఃఖం లేకుండానే కళ్ళు ధారకడతాయి. 1993 నాటి రసాయన ఆయుధాల ఒప్పందం దాన్ని యుద్ధంలో ఆయుధంగా వాడకూడదంది. సొంత వీధుల్లో, శాంతిభద్రతల కోసం వాడుకోవచ్చంది. అంటే తడి చెంపలు దుఃఖానికి సాక్ష్యం కావు. పొడి చెంపలు రాతిగుండెకీ సాక్ష్యం కావు.

ఇక్కడితో ఆపేస్తే నాకు హాయి. కానీ నిజాయితీగా చెప్పాలంటే, ఆ రోజు నాలో ఆవిరి ఉందో, ఉత్త ఖాళీయే ఉందో నాకు తెలీదు. మంచి మాట ఒకటి దొరికింది కదా అని దాని చాటున దాక్కోవడం కూడా సులువే. పైగా కణ్వుడు తన బాధని దాచుకోలేదు, పైకే చెప్పుకున్నాడు. నేను పనుల్లో పడిపోయాను. అత్త పది రోజులూ ఒక్కతే ఏడ్చింది. ఆవిడ అడిగింది సాక్ష్యం అనుకున్నాను. తోడు అడిగిందేమో.

మొన్న ఫోన్ చేసి, నానమ్మ గురించి ఏదైనా చెప్పత్తా అన్నాను. అరగంట చెప్పింది. మధ్యలో ఊ కొడదామంటే గొంతు పెగల్లేదు. కళ్ళు తడిశాయో లేదో చూసుకోలేదు.