వదలిన చేప

పట్టిన చేపను తిరిగి నీటిలో వదలివేయువాడు దయగలవాడా? ఈ ప్రశ్న నాకు గ్రంథాలలో ఎదురుకాలేదు. దల్మా కొండల దిగువన, ఒక పొలం మూలనున్న చిన్న గుంట గట్టుమీద ఎదురైనది.

జంషెడ్‌పూరులో ఉక్కు పనిలో వయసు గడపినవారికి నీటి ఒడ్డున కూర్చుండుట ఒక విశ్రాంతి. ఆ ఊరే సువర్ణరేఖా, ఖర్కాయి నదులు కలియు చోటు చూచి కట్టినది. సాక్చి అను పల్లెకు 1919లో ఈ పేరు వచ్చినది. కర్మాగారపు స్వర్ణోత్సవమునకు 1958లో తెరచిన జూబిలీ పార్కులో జయంతి సరోవరమున్నది. కొండ పాదమున డిమ్నా జలాశయమున్నది. వాటిని దాటి పల్లెలలోనికి పోతే చేల నడుమ చిన్న గుంటలు కనిపిస్తాయి. వాటిని అక్కడ డోభా అంటారు. వాననీరు నిలుపుకొని పైరు తడుపుకొనుటకై 2016లో ఝార్ఖండ్ ప్రభుత్వం వీటిని విరివిగా త్రవ్వించినది. నీరు నిలిచిన చోటికి చేప ఎట్లో వచ్చి చేరుతుంది. నేను చెప్పు గుంటలో పరిగెలున్నవి, కొద్దిగా తిలాపియా ఉన్నది. ఈ రెండవది మన దేశపు చేప కాదు. 1952లో వచ్చి, ఇప్పుడు పిలువని చోట కూడ కాపురముంటున్నది. మన భాషలో కోత ముగిసిన చేనిలో రాలిన వెన్నులనూ పరిగె అంటాము, ఈ చిన్న చేపనూ పరిగె అంటాము. రెండూ పేదవాని వంతుకు వచ్చునవే.

విదేశమందున్న నా కుమారుడు ఒక ఏడు సన్నని గాలపు కర్ర తెచ్చి ఇచ్చినాడు. దానితో వేటాడు పద్ధతి వేరు. మన గాలానికి ఎర ఉంటుంది, బెండు ఉంటుంది, బరువుకు సీసపు గుండు ఉంటుంది. ఆ బరువే దారాన్ని నీటిలోనికి లాగుకొనిపోతుంది. ఇందులో గాలానికి బరువే లేదు. ఈకలతో, పట్టుదారంతో ఈగ ఆకారం కట్టి దానికి తొడుగుతారు. బరువంతా దారానిది. కర్రను వెనుకకు ఊపి, దారం వీపు వెనుక గాలిలో పూర్తిగా చాచుకొనువరకు ఆగి, అప్పుడు ముందుకు విసరవలెను. తొందరపడినవాని దారం వాని చెవికే చుట్టుకొంటుంది. నాకు చాలాసార్లు చుట్టుకొన్నది. చివరికొకనాడు ఆ దొంగ ఈగ నీటిమీద చప్పుడు లేకుండ వ్రాలినది. దానిక్రింద నీరు చిన్నగా పగిలినది. నా చేతివ్రేళ్లకు ఒక ప్రాణం తగిలినది. ఆ సంతోషాన్ని నేను దాచుకోను.

పైగా నాకొక గర్వముండేది. నేను వానపామునైనా చంపలేదు. అశోకుడు పట్టాభిషేకమైన ఇరువదియారవ ఏట వ్రాయించిన స్తంభశాసనంలో కొన్ని పర్వదినాలలో చేపలను చంపరాదని, అమ్మరాదని ఉన్నది. ఒక జీవిని పెట్టి మరొక జీవిని పోషింపరాదని కూడ ఉన్నది. నా ఈగ ఈ రెండవ నియమాన్ని చక్కగా పాటించినది. నా గాలానికి వెనుకముల్లు లేదు. పట్టిన ప్రతి పరిగెను తడిచేతితో విడిపించి, మొప్పలాడువరకు నీటిలో పట్టుకొని, వదలివేసేవాడిని. ఇంతకంటె నిర్దోషమైన వేడుక ఏముంటుందని అనుకొన్నాను.

గుంట యజమాని ఒక సంతాలు రైతు. ఆశ్వయుజంలో ఒక సాయంకాలం వచ్చి నా ప్రక్కన కూర్చున్నాడు. నేను వరుసగా నాలుగు చేపలను వదలుట చూచి, "తినరా, బాబూ?" అన్నాడు. తినను, ఊరక పట్టి వదలుతానన్నాను. అతడు చాలాసేపు ఆలోచించి, "మరి దానితో మీకు పనేమి?" అని అడిగినాడు. నిందలేదు ఆ మాటలో. తెలియక అడిగినట్లే అడిగినాడు. నాకు జవాబు దొరకలేదు. మళ్లీ అతడే, "చైత్రానికి ఇందులో నీరుండదు. మీరు వదలినది ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

నాకు భాగవతంలోని సత్యవ్రతుడు జ్ఞాపకం వచ్చినాడు. కృతమాలా నదిలో తర్పణం విడుచుచుండగా ఆ ద్రవిడరాజు దోసిలిలోనికి ఒక చేపపిల్ల వచ్చినది. అతడు చేయవలసినదే చేసినాడు. దానిని నదిలో వదలినాడు. ఆ చేప ఏమని మొరపెట్టుకొన్నది? పెద్ద చేపలు తినివేస్తాయి, నన్నిట్లు వదలవద్దు అని. వదలుట అక్కడ దయ కాలేదు. కమండలంలో, తరువాత చెరువులో, ఇంకా పెద్ద నీటిలో దానికి చోటు వెదకుచు పోయినందువలన దయ అయినది. పట్టినవానికి ఆ తరువాతి భారం కూడ ఉన్నదని ఆ కథ చెప్పుచున్నట్లు ఇన్నేండ్లు విన్నా నాకు తోచలేదు.

చేపకు బాధ తెలియునా అను తగవు ఇంకా తీరలేదు. లిన్ స్నెడన్ అను శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 2003లో ప్రకటించిన పరిశోధనలో ట్రౌట్ చేపల పెదవులలో తేనెటీగ విషాన్ని, ఆమ్లాన్ని ఎక్కించి చూచినారు. అవి చాలాసేపు మేత ముట్టలేదు. కొన్ని తమ పెదవులను గులకరాళ్లకు రాచుకొన్నవి. అది మనమెరిగిన బాధ కాదనువారున్నారు. కానీ స్విట్జర్లాండు 2008 నాటి తన నియమావళిలో, వదలివేయు ఉద్దేశంతోనే చేపను పట్టుటను నిషేధించినది. తినుటకు పట్టవచ్చునట, ఆడుటకు పట్టరాదట. మొదట వినగానే ఇది తలక్రిందుల న్యాయమనిపించినది. ఆ రైతు ప్రశ్న విన్న తరువాత అట్లనిపించలేదు. తినువానికి చేపతో ఒక లెక్క ఉన్నది. దాని ప్రాణం తన ఆకలికి ఖర్చయినదని వాడెరుగును. నేను తీసికొన్నది దాని భయాన్ని మాత్రమే. దానిని తిరిగి ఇచ్చు ఉపాయం లేదు. అట్లని చంపుట మేలని నేననలేను. వదలిన చేపకు ఇంకొక శీతకాలం దక్కినది కదా. ఈ మాట నాకు కొంత ఊరట. ఎంత ఊరటయో చెప్పలేను.

చైత్రంలో మరల పోయినాను. కర్ర తీసికొనిపోలేదు. గుంట అడుగున మోకాలిలోతు బురదనీరు మిగిలినది. రైతు పిల్లలు వెదురు ఊతలు వేసి, పైనుండి చేయి పెట్టి చేపలను తీయుచున్నారు. పెద్ద గోల, నవ్వులు. అతడు నన్ను చూచి సాలాకు దొప్పలో గుప్పెడు పరిగెలు వేసి ఇచ్చినాడు. వద్దనలేదు. ఇంటికి వచ్చి ఒక్కొక్కదాని పెదవిని దీపం వెలుగులో చూచినాను. ఏది నేను వదలినదో తెలియలేదు. ఆ రాత్రి మా ఇంట వాటిని చింతపండు పులుసు పెట్టినారు.