బిందెల వరుస

మా అక్క కూతురు అమెరికాకు పోతోంది, హెల్త్‌కేర్ సిస్టమ్స్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేయడానికి. అనంతపురం జేఎన్‌టీయూలో బీటెక్ అయింది. 1946లో మొదలైన ఆ కాలేజీ రోడ్లు, వంతెనలు, మోటార్లు, కంప్యూటర్లు చూసుకునేవాళ్ళను ఎంతోమందిని తయారుచేసింది. ఆస్పత్రిని చూసుకునే ఇంజనీరు అన్న మాట మాత్రం మా ఇంట్లో కొత్త. ‘‘అంటే డాక్టరా, ఇంజనీరా?’’ అని చుట్టాలు అడిగితే అక్క నావైపు చూస్తుంది. నేను పిల్లనే అడిగాను.

‘‘రోగి గేటు దాటి లోపలికి వచ్చినప్పటి నుంచి మందులు తీసుకుని బయటపడే దాకా ఎక్కడెక్కడ ఆగిపోతున్నాడో చూడాల మామా. ఎందుకు ఆగినాడో లెక్క కట్టాల. ఆగకుండా చేయాల.’’

పోయిన వేసవిలో అమ్మను తీసుకుని ఒక పెద్దాస్పత్రి హాల్లో పొద్దంతా కూర్చున్నాను. పక్కన కంబదూరు దిక్కు నుంచి వచ్చిన ఒకామె. ఓపీ చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగు చివర ముడేసుకుంది. ఉండుండి ముడి విప్పడం, నంబరు చూసుకోవడం, మళ్ళీ ముడేయడం. చదువు రాదట, అంకెలు మాత్రం గుర్తుపడుతుందట. చెమటకు ఇంకు అలుక్కుపోయాక ఆ అంకె ఏమిటో నన్ను చూసి చెప్పమంది. మధ్యాహ్నం దాటాక పిలుపు వచ్చింది. డాక్టరు దగ్గర మూడు నిమిషాలు. రక్తపరీక్ష రాశారు. ఆమె వెతుక్కుంటూ ల్యాబుకు చేరేసరికి ఆ పూటకు రక్తం తీయడం ఆపేశారు. రేపు పరగడుపున రమ్మన్నారు.

తప్పు ఎవరిది? డాక్టరు పొద్దున్నుంచి కుర్చీలోంచి లేవలేదు. ల్యాబు కుర్రాడు కసురుకోలేదు, నెమ్మదిగానే చెప్పాడు. అందరూ తమ పని తాము చేశారు. అయినా ఆమెకు అన్యాయం జరిగింది. చేసినవాడు లేని అన్యాయం ఉంటుందా? ఇలాంటప్పుడు మనకు అలవాటైన జవాబులు రెండే. ఎవరో చెడ్డవాళ్ళని తిట్టుకుంటాం, లేదంటే తలరాత అనుకుంటాం. మేనకోడలి చదువు మూడో జవాబు చెబుతోంది. ఒక పనిని ఇంకో పనికి అతికించిన తీరులో తప్పుందనీ, అతికించింది మనుషులే గనక విప్పి సరిచేయడమూ మనుషుల చేతిలోనే ఉందనీ. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో ఒక నివేదిక ఇచ్చింది. అక్కడి ఆస్పత్రుల్లో వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల ఏటా 44,000 నుంచి 98,000 మంది దాకా చనిపోతున్నారని అంచనా వేసింది. ఎక్కువ భాగం పొరపాట్లకు మూలం మనుషుల అజాగ్రత్త కంటే, పొరపాటుకు తలుపు తెరిచి ఉంచిన ఏర్పాట్లేనని చెప్పింది. తలరాతను ఇంత గట్టిగా కాదనే శాస్త్రం మీద నాకు గౌరవం కలిగింది. ఆ వెనకే భయమూ వేసింది.

ఆ భయం ఎందుకో చెబుతాను. 1952లో నార్మన్ బెయిలీ అనే గణాంక శాస్త్రవేత్త ఇంగ్లండులో ఓపీ వరుసల లెక్క తీశాడు. రోగులను ముందే గుంపుగా పిలిస్తే డాక్టరుకు ఖాళీ ఉండదు, రోగులు గంటలకొద్దీ కాచుకోవాలి. దూరదూరంగా పిలిస్తే రోగులకు సుఖమే, డాక్టరు సమయం వృథా. మొదట ఇద్దరిని, ఆ తర్వాత సమానమైన ఎడంతో ఒక్కొక్కరిని రమ్మంటే మేలని ఆయన తేల్చాడు. చక్కటి లెక్క. కానీ ఇలాంటి తూకం వేయాలంటే ముందు ఇంకో అంకె కావాలి. డాక్టరు గంట రోగి గంటకు ఎన్ని రెట్లు? ఆ అంకెను ఎవరు వేస్తారు? సంపాదనను బట్టి వేస్తే కంబదూరు ఆమె గంట దాదాపు సున్నా. ఆ సున్నాలో ఆమె ఒక రోజు కూలి పోయింది, మరుసటి రోజుదీ పోతుంది. డాక్టరుకు ఒక గంట పోతే మిగతా గంటలున్నాయి. ఎవరి గంట ఖరీదైనదని అడగాలా, ఎవరి గంట పోతే తిరిగి పూడ్చుకోలేరని అడగాలా? మొదటి ప్రశ్నకు కంప్యూటరు జవాబిస్తుంది. రెండోదాన్ని ఎవరైనా దానికి నేర్పితేనే తెలుస్తుంది.

పిల్ల ఇంకో లెక్క కూడా చూపించింది. రోగులు ఒక పద్ధతి లేకుండా వస్తూ, ఒక్కొక్కరికీ పట్టే సమయం ఒక్కోలా ఉన్నప్పుడు, డాక్టరు సమయంలో నూటికి 80 వంతులు పనితో నిండితే లోపలా బయటా కలిపి సగటున నలుగురుంటారు. 90 నిండితే తొమ్మిది మంది, 95 నిండితే 19 మంది. బుక్కరాయసముద్రం చెరువు చూసి పెరిగినవాళ్ళకు ఈ సంగతి వివరించక్కర్లేదు. అంచు దాకా నిండిన చెరువుకు ఇంకో వాన వస్తుందంటే ఊరికి నిద్ర ఉండదు. కాసేపు ఖాళీగా కూర్చున్న నర్సును చూసి దండగ అనుకునేవాళ్ళు, రాబోయే రోగికి చోటు ఆ ఖాళీలోనే ఉందని గుర్తించరు.

నిజానికి మా సీమవాళ్ళకు వరుస నేర్పింది నీళ్ళే. అనంతపురంలో ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన. నా చిన్నప్పుడు ట్యాంకరు రాకముందే వీధి పొడుగునా బిందెలు పెట్టేవాళ్ళు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. మెడ దగ్గర సొట్ట ఉన్నది మా అమ్మ బిందె. దాన్ని ఎవరూ వెనక్కి నెట్టేవాళ్ళు కాదు. బాలింత ఉన్న ఇంటి బిందెను, చావు జరిగిన ఇంటి బిందెను మాత్రం నలుగురూ కలిసి ముందుకు జరిపేవాళ్ళు. ఎవరికి ముందు అవసరమో ఆస్పత్రిలో నిర్ణయించే పద్ధతిని ట్రయాజ్ అంటారని నాకు ఇప్పుడు తెలిసింది. మా వీధి చివర ఒక ముసలామె ఉండేది. బిందె ఎత్తలేదు గనక వరుసలో ఎప్పుడూ కనిపించేది కాదు. బిందెలు లెక్కపెట్టేవాడికి ఆమె దాహం లెక్కలోకి రాదు.

సిస్టమ్ అనగానే ముందు ఒక గీత గీయాలి, ఇది లోపల, అది బయట అని. గేటు దగ్గర గీస్తే కంబదూరు ఆమె కాచుకోవడం కౌంటరు దగ్గర మొదలవుతుంది. ఆమెనడిగితే తెల్లవారకముందే లేచి, బర్రెను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, చేబదులు తెచ్చుకున్న దగ్గర మొదలైందంటుంది. తల్లుల ప్రసవ మరణాల మీద 1994లో రాసిన వ్యాసంలో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ మూడు ఆలస్యాలు చెప్పారు: పోదామని తేల్చుకోవడంలో ఒకటి, చేరడంలో ఒకటి, చేరాక వైద్యం అందడంలో ఒకటి. గేటు దగ్గరి గీత మూడోదాన్ని మాత్రమే చూస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు ఆ గీతను రోడ్డు దాకా జరిపింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ తొలిసారి అమలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. డబ్బులేక ఇంట్లోనే ఆగిపోయినవాళ్ళను అది లోపలికి పిలిచింది.

మరి గీతను ఎంత దూరం జరపాలి? వాన రాలేదు, చెనక్కాయ పోయింది, చేతిలో రూపాయి ఆడలేదు, అందుకే కంబదూరు ఆమె మూడు నెలలు నొప్పి ఓర్చుకుంది. వాన కూడా ఆస్పత్రి సిస్టమ్‌లో భాగమేనా? అన్నీ లోపలే అంటే ఇంజనీరు ఏ లెక్కా చేయలేరు. ఏదో ఒకచోట గీస్తే ఆ అవతల ఒకామె చీటీ పట్టుకుని నిలబడి ఉంటుంది. దీనికి నా దగ్గర తీర్పు లేదు.

ఇదంతా పిల్లకు చెప్పాను. ల్యాప్‌టాప్‌లో గళ్ళూ బాణాలూ గీసిన బొమ్మ తెరిచి, ‘బయటికి’ అని రాసి ఉన్న చివరి బాణం దగ్గర ఆగింది.

‘‘ఆయమ్మకు తిరుగు బస్సు ఎన్నింటికి మామా?’’

పొద్దంతా పక్కనే కూర్చున్నాను. ఆ మాట నేను అడగలేదు.