ఒక్క కప్పు ఎవరి కోసం?

ఇంట్లో పెట్టుకోవడానికి ఏ ఎస్ప్రెస్సో మిషన్ కొనాలన్నది నైతిక ప్రశ్న అంటే నవ్వేవాళ్లుంటారు. మిక్సీ కొనేటప్పుడు, కుక్కర్ కొనేటప్పుడు ఎవరూ నీతి గురించి మాట్లాడరు. అవి ఇంటి కోసం కొనేవి. నిజామాబాదులో ఉద్యోగం చేసుకుంటూ యాభై దాటిన నేను, ఇంట్లో ఇంకెవరూ కావాలనని ఒక యంత్రాన్ని నా జీతంతో నా ఒక్కదాని కోసం కొనాలనుకునేసరికి ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చుట్టుపక్కల వాళ్లవి కొన్ని, నావి ఎక్కువ.

మా వైపు కాఫీ పుట్టింటి అలవాటు కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లో మా చిన్నతనమంతా చాయ్‌తోనే గడిచింది. నిజాంసాగర్ కాలువల కింద సేద్యానికి కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న రైతుల ఇళ్లలో మాత్రం ఫిల్టరులో డికాషన్ దిగేది. ఇక 'ఎక్స్‌ప్రెస్సో' అన్న మాట మాకు పెళ్లి విందుల్లోనే తెలుసు. బుస్సుమనే ఆవిరితో పాలు పొంగించి, ఇన్‌స్టంట్ పొడీ చక్కెరా వేసిన కప్పులో నురగతో పోసి, పైన కాస్త కోకో చల్లి ఇచ్చేవాళ్లు. 1937లో ఏర్పడ్డ నిజాం చక్కెర ఫ్యాక్టరీ నీడలో పెరిగినవాళ్లం. చాయ్‌లో చక్కెర తక్కువైతే చుట్టాన్ని అవమానించినట్టే లెక్క. అలాంటి ఊరి ఆడమనిషి చక్కెర లేని చేదు కాఫీ రెండు గుక్కలు కావాలనుకోవడమే వింతగా ఉంటుంది చాలామందికి.

ఆ రెండు గుక్కల వెనక ఉన్న లెక్క పెద్దదేమీ కాదు. సుమారు 18 గ్రాముల మెత్తటి పొడి, 90 డిగ్రీలు దాటిన నీళ్లు, 9 బార్ల ఒత్తిడి, ఇరవై ఐదు ముప్పై సెకన్లు. అట్టపెట్టెల మీద 15 బార్లు, 20 బార్లు అని పెద్దక్షరాలతో రాస్తారు. అది పంపు ఎంత తోయగలదో చెప్పే అంకె, పొడి మీద కావలసింది కాదు. చవక మిషన్ల జల్లెడకు అడుగున ఒకే ఒక్క సన్నటి చిల్లు ఉంటుంది. దాంతో పొడి ఎలాంటిదైనా పైన నురగ వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. అసలు రుచి పొడి విసరడంలో ఉంది కాబట్టి సగం డబ్బు గ్రైండరుకే దాచుకోవాలి. ఇదంతా నాలుగు రోజుల్లో నేర్చుకున్నాను. నిర్ణయం తీసుకోవడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

ఎందుకంటే ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఇటాలియన్‌లో ఎస్ప్రెస్సో అంటే నొక్కి తీసినది. దాంతో పాటు అప్పటికప్పుడు, అడిగిన మనిషి కోసమే చేసినది అన్న ధ్వని కూడా అందులో ఉంది. 1901లో మిలాన్‌లో లుయిజి బెజ్జెరా పేటెంటుకు పెట్టిన యంత్రం, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన గాజియా మీట యంత్రం, 1961లో ఫయేమా పంపు యంత్రం, అన్నీ హోటల్ బల్ల వెనక నిలబడే జీతగాడిని దృష్టిలో పెట్టుకుని చేసినవే. అడిగినవాడు బల్లకు ఇవతల, చేసేవాడు అవతల. ఆ యంత్రాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటే బల్ల అవతల ఎవరు నిలబడాలి?

ఫిల్టరు కాఫీ మీద నాకు పెద్ద ప్రేమ లేదు గానీ, అది ఒకసారి దించితే పదిమందికి సరిపోతుంది. చాయ్ కూడా అంతే, గిన్నెడు మరిగిస్తే చాలు. ఎస్ప్రెస్సో ఒక విడతకు ఒక కప్పు, మహా అయితే రెండు. ఆరుగురు వచ్చారంటే పొడి నింపాలి, నొక్కాలి, తీయాలి, పిప్పి దులపాలి, కడగాలి, మళ్లీ నింపాలి. ఆరో కప్పు వచ్చేసరికి మొదటి మనిషి చెప్పులు తొడుక్కుంటూ ఉంటాడు. చేసినామెకు కూర్చునే వీలే ఉండదు. ఇంటిల్లిపాదికి దీన్ని అలవాటు చేయడమంటే ఇంట్లో ఒక హోటల్ తెరిచి, దాంట్లో జీతం లేని కొలువులో మనమే చేరడం.

అందుకే బటన్ నొక్కితే గింజ విసరడం నుంచి కప్పులో పోయడం దాకా అన్నీ చేసే మిషన్ తీసుకొమ్మన్నారు చాలామంది. 'మీకు పని తగ్గుతుంది మేడం' అన్నాడు షాపులో కుర్రవాడు. బటన్ నొక్కడం ఎప్పుడూ పని కాలేదు. నీళ్ల ట్యాంకు నింపడం, పిప్పి డబ్బా ఖాళీ చేయడం, మా బోరు నీళ్లకు కట్టే సున్నాన్ని మందు పోసి వదిలించడం, కప్పు పట్టుకెళ్లి ఇవ్వడం, ఖాళీ కప్పు వెనక్కి తేవడం, వీటికి బటన్ లేదు. చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకంలో అమెరికా ఇళ్ల గురించి చెప్పిందిదే. కొత్త పరికరాలు వచ్చినప్పుడల్లా మగవాళ్లు, పిల్లలు, పనివాళ్లు చేసే పని తగ్గింది. తల్లి పని అలాగే ఉండిపోయింది, పైగా ఇల్లు ఎలా ఉండాలన్న కొలమానం పెరిగింది. మన దేశపు 2024 కాలవినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేస్తున్న ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఖర్చు పెడుతున్నారని తేలింది. మిక్సీలు, గ్యాస్ పొయ్యిలు, వాషింగ్ మెషిన్లు వచ్చిన ఇన్నేళ్ల తర్వాతి లెక్క ఇది. ఇంటిపనిని పని అని పిలవమని, దానికి జీతం కట్టమని 1972లో గొంతెత్తిన వాళ్లలో మరియారోసా డల్లా కోస్టా ముందుంది. ఆమెది ఇటలీలోని పాదువా, ఈ కాఫీ పుట్టిన దేశమే. నాకిది యాదృచ్ఛికంగా అనిపించదు.

దీనికి ఇంకో పక్క ఉంది. హైదరాబాదులో ఒక స్నేహితురాలి ఇంట్లో కాఫీ భర్తే చేస్తాడు. చిన్న త్రాసు, గడియారం, ఆదివారం మధ్యాహ్నం, చుట్టూ చేరిన స్నేహితులు. గింజలు అరకువి. ఏ కొండ మీద పండాయో కూడా చెప్తాడు. కాఫీ నిజంగా బాగుంటుంది. అందరం మెచ్చుకుంటాం. ఆవిరి గొట్టానికి ఎండిన పాలను గోకి కడిగేది మాత్రం ఆమె. ఆమె రోజూ ఉదయం పెట్టే చాయ్ గురించి ఆ గదిలో ఎవరమూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఖరీదు, యంత్రం, చూసే కళ్లు ఉన్నచోట వంట కళ అవుతుంది, మగవాళ్లు వస్తారు. అవేవీ లేనిచోట అది చాకిరీ. అతన్ని తప్పుపట్టడం నాకు సులువే, కానీ నేను కోరుకుంటున్నదీ అదేనేమో! రోజువారీ లెక్కలో లేని, నాకు ఇష్టమైనప్పుడు చేసుకునే పని. ఆ హక్కు అతనికి అడగకుండానే దొరికింది. నాకు నాలుగు నెలల వాదన కావలసి వచ్చింది.

డబ్బు సంగతి వేరే. మా ఇంటి వెనక సందులో ఉండే ఆమె బీడీలు చుడుతుంది. భర్త చక్కెర ఫ్యాక్టరీలో చేసేవాడు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇల్లు ఆమె బీడీల మీదే నడిచింది. మిషన్ కొన్నాక చూసి, 'గింత కప్పుకు గంత పెద్ద మిషనా మేడం? ఎందరు తాగుతరు?' అంది.

'నేనొక్కదాన్నే.'

'నీ ఒక్కదానికేనా!' అని కాసేపు చూసింది. తర్వాత అంది, 'మంచిదే. నాకు గూడ నా చాట, నా కత్తెర ఉంటయి. ఎవ్వలను ముట్టనియ్య.'

నన్ను తేలికపరచడానికే అన్నదేమో తెలీదు, నేను తేలికపడలేదు. ఇంట్లో ఆమెదంటూ ఉన్న రెండు వస్తువులూ ఇల్లు పోషించేవే. తునికాకు కత్తిరించని కత్తెర, తన సరదాకి ఒకటి, ఆమెకు ఎప్పుడైనా దొరుకుతుందా? నేను మిషన్ కొనకపోతే ఆమెకు దొరికేదా అంటే, అదీ లేదు. త్యాగం చేస్తే సమానత్వం వస్తుందన్న లెక్క మనకు తరతరాలుగా నేర్పారు, ఎవరి త్యాగమో చెప్పకుండా. అయినా ఆమె ప్రశ్నలోని బరువు ఈ సమాధానంతో తగ్గదు. తగ్గాలని కూడా నేననుకోవడం లేదు.

చివరికి బటన్ మిషన్ వద్దనుకున్నాను. ఒక కప్పు కంటే ఎక్కువకు పనికిరాని చిన్న మిషను, చేత్తో తిప్పే గ్రైండరు తీసుకున్నాను. ఇంట్లో ఒక మాట చెప్పాను. ఎవరికి కావాలంటే వాళ్లకు నేర్పిస్తాను, చేసివ్వను. మా మరిది వచ్చి 'వదినే, నీ మిషన్ల కాఫీ ఒకటి పొయ్యి' అన్నప్పుడు గ్రైండరు చేతికిచ్చాను. ముఖం చిట్లించి తిప్పాడు. పుల్లగా నీళ్లలాగా వచ్చింది. తనే చేశాడు కాబట్టి మాట్లాడకుండా తాగాడు.

అత్తమ్మకు ఎనభై రెండు. చేతులు వణుకుతాయి. గ్రైండరు తిప్పలేదు, హ్యాండిల్ బిగించలేదు. ఆమెకూ కావాలంది ఒకరోజు. చేయలేనివాళ్లు వేరు, చేయనివాళ్లు వేరు. ఈ తేడా ఏ సిద్ధాంతంలోనైనా ఉంటుంది. కానీ ఇన్నాళ్లూ 'నాకు రాదమ్మా' అని కుర్చీలో కూర్చున్న మగవాళ్లందరూ ఆ తేడానే వాడుకున్నారన్నదీ నాకు తెలుసు. అత్తమ్మ ఆ ఇంట్లో యాభై ఏళ్లకు పైగా గిన్నెలకొద్దీ చాయ్ మరిగించింది, అడగనివాళ్లకు కూడా. చేసిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగి, 'అబ్బ, ఇసం లెక్క ఉన్నదే. ఇంత చక్కెర ఎయ్యి' అంది.

రెండు చెంచాలు వేశాను.