బయానా ఎవరి సొమ్ము?

ఇల్లు బాగుచేయించుకునేవారు మేస్త్రీకి ముందుగా ఇచ్చిన బయానా, ఆ మేస్త్రీ దివాలా తీసిన రోజున ఎవరి సొమ్ము అవుతుంది? పైకి ఇది కోర్టు లెక్కలా కనిపించినా, లోపల ఉన్నది ధర్మశాస్త్రాల నాటి ప్రశ్న. ఇచ్చింది అప్పా, అప్పగింతా? అప్పయితే డబ్బు పుచ్చుకున్నవాడిది అయిపోతుంది, ఇచ్చినవాడు మిగతా అప్పులవాళ్ల వరుసలో నిలబడాలి. అప్పగింత అయితే చేయి మారినా సొంతదారు మారడు.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం రాజు తీర్చవలసిన తగాదాలను 18గా విడదీసి, ఋణాదానాన్ని, అంటే అప్పును, మొదట, నిక్షేపాన్ని, అంటే అప్పగింతను, రెండోదిగా పెట్టింది. పక్కపక్కనే ఉన్నా రెండూ ఒకటి కావు. దాచమని ఇచ్చిన సొత్తు రాజు వల్లో, దైవం వల్లో, దొంగల వల్లో పోతే దాచినవాడు తిరిగి ఇవ్వనక్కర్లేదని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతుంది. తన ఇష్టానికి వాడుకుని బతికితే మాత్రం దండుగ కట్టి, వడ్డీతో సహా ఇవ్వాలి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాసింది కల్యాణి చాళుక్యుల కాలంలో. 13వ శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగులోకి తెచ్చాడు. ఇంటి పనికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది నారదస్మృతి. పని చేసిపెట్టమని శిల్పి చేతికిచ్చిన సొత్తుకూ నిక్షేపం నియమమే వర్తిస్తుందని అందులో ఉంది. గొలుసు చేయమని కంసాలికి ఇచ్చిన బంగారం కంసాలి ఆస్తి కాదు. అతను అప్పులపాలైనా అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోరాదు. ఉర్దూ, తెలుగు కలిసి నడిచే నిజామాబాద్ జిల్లాలో ఈ భావానికి అమానత్ అనే మాట ఉంది. అమానతులను హక్కుదారులకు అప్పగించమని ఖురాన్ నాలుగో అధ్యాయం ఆదేశిస్తుంది.

అయితే బంగారాన్ని గుర్తుపట్టవచ్చు, నోట్లను గుర్తుపట్టలేం. చిక్కంతా ఇక్కడే ఉంది. మేస్త్రీ షెడ్డులో ఇరవై సిమెంటు బస్తాలు ఉన్నాయనుకుందాం. పది బస్తాల మీద సుద్దముక్కతో ఇంటివారి పేరు రాసి ఉంటే అవి ఎవరివో అందరికీ తెలుస్తుంది. అదే ఇంటివారు ఇచ్చిన యాభై వేలు మేస్త్రీ జేబులో పాత బాకీల డబ్బుతో కలిసిపోతే, ఏ నోటు మీదా ఆ పేరు ఉండదు. వస్తువును గుర్తుపట్టగలిగితేనే సొంతం నిలుస్తుందా, లేక ఏ పనికని ఇచ్చారో ఆ ఉద్దేశమే సొంతాన్ని నిలుపుతుందా? రెండోదే న్యాయం. ఇచ్చినవారు మేస్త్రీకి పెట్టుబడి పెట్టలేదు, వడ్డీ ఆశించలేదు. స్లాబు కోసం ఇచ్చారు, అంతే. 1970ల్లో ఇంగ్లండులో కేఫర్డ్ అనే కంపెనీ మునిగే ముందు కొనుగోలుదారుల బయానాలను వేరే బ్యాంకు ఖాతాలో ఉంచింది. ఆ డబ్బు కంపెనీది కాదు, కొనుగోలుదారుల తరఫున ధర్మకర్తగా దాచిందే అని కోర్టు తేల్చింది. సుద్దముక్క చేసే పనిని అక్కడ వేరు ఖాతా చేసింది.

భారత చట్టం ఈ మెట్టు సగమే ఎక్కింది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం బిల్డర్లు కొనుగోలుదారుల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలంటుంది. కానీ అమ్మకంతో సంబంధం లేని మరమ్మతులకు, పాత ఇళ్ల బాగుచేతకు అది వర్తించదు. అదే ఏడాది వచ్చిన దివాలా స్మృతి కింద, ఫ్లాటుకు డబ్బు కట్టినవారిని 2018 సవరణ ఆర్థిక రుణదాతలుగా గుర్తించింది. 2019లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఊరి మేస్త్రీ కంపెనీ కాదు, ఒంటరి మనిషి. అతనికి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. తెలుగునాట ‘ఐపీ (ఇన్సాల్వెన్సీ పిటిషన్) పెట్టాడు’ అన్న మాట పుట్టింది అక్కడి నుంచే. దాని 44వ సెక్షన్‌లో మంచి ధర్మసూక్ష్మం ఉంది: దివాలా తీసినవాడికి కోర్టు విముక్తి ఇచ్చినా, మోసం చేసి, నమ్మకద్రోహం చేసి తెచ్చుకున్న బాకీ మాత్రం మాఫీ కాదు. చేతకాక చితికినవాడినీ, బయానాలు మింగి చేతులెత్తేసినవాడినీ ఒకే గాట కట్టరాదన్న వివేకం అది.

బయానాకు రక్షణ కోరేటప్పుడు ఇంకో చేయిని మరవకూడదు. ఇసుక మోసిన కూలీలు, సెంట్రింగ్ పనివాళ్లు కూడా మేస్త్రీని నమ్మినవారే. ఇంటివారు ఇచ్చింది డబ్బయితే, వాళ్లు ఇచ్చింది తిరిగి రాని రోజులు. అందుకే కూలీ ముందు, బయానా తరువాత, వడ్డీ వ్యాపారి ఆపైన అన్న వరుసే సబబు. 1920 చట్టం కూలీకి ముందు వరుస ఇచ్చింది కానీ, మూలపాఠంలో దానికి పెట్టిన హద్దు మనిషికి ఇరవై రూపాయలు. నాటి రూపాయికి అది సరిపోయిందేమో, నేడు అది ఉన్నా లేనట్టే.

నిజాంసాగర్ ఆయకట్టులోని రుద్రూర్ లాంటి ఊళ్లలో వడ్ల డబ్బు చేతికొచ్చాకే చాలామంది ఇంటి పని మొదలుపెడతారు. పోతే మళ్లీ పంట దాకా ఆగాల్సిన డబ్బు అది. ఇలాంటిచోట గుత్త రెండు రకాలు. సామానుతో సహా ఇచ్చేది ఒకటి, లేబర్ గుత్త రెండోది. లేబర్ గుత్తలో సిమెంటు, సలాకలు, ఇసుక ఇంటివారే కొని తమ వాకిట్లో దింపించుకుంటారు. బిల్లు వారి పేరు మీదే ఉంటుంది, కాబట్టి మేస్త్రీ అప్పులవాళ్లకు అందులో వాటా రాదు. మేస్త్రీకి చిన్న బయానా, ఆపైన పాత కప్పు దించాక కొంత, స్లాబు పడ్డాక కొంత, ప్లాస్టరింగ్ అయ్యాక కొంత ముడుతుంది. అప్పుడు చేసిన పనికీ ఇచ్చిన డబ్బుకూ మధ్య తేడా ఎన్నడూ ఒక దశ కూలీని మించదు. సామానుతో సహా గుత్తకు ఇవ్వక తప్పనివారు, ముట్టిన ప్రతి మొత్తం దేనికోసమో తెల్లకాగితం మీద రాయించి మేస్త్రీ సంతకం తీసుకుంటారు. డబ్బు ఏ ఉద్దేశంతో చేయి మారిందో రేపు కోర్టులో చెప్పేది ఆ కాగితమే.