దోసిలి

దూరపు కాలినడక గురించి మనం చెప్పుకునే కబుర్లన్నీ గమ్యం చుట్టూనే తిరుగుతాయి. కాశీ చేరాడు, తిరుమల కొండెక్కాడు అంటాం. మొదటి నాలుగు మజిలీల్లో ఏమైందని ఎవరూ అడగరు. నా మట్టుకు అసలు పాఠం అక్కడే ఉంది. చెప్పు పట్టీ ఒరుసుకుని మడమ మీద బొబ్బ లేచేది అప్పుడే. ‘ఇది లేకపోతే ఎలా’ అనుకుంటూ కట్టిన మూటలో సగం అక్కర్లేదని తేలేదీ అప్పుడే. అమెరికాలో 3,500 కిలోమీటర్ల అపలాచియన్ బాటను దక్షిణ కొస నుంచి పట్టినవాళ్లలో చాలామంది కూడా బయల్దేరిన కొద్ది రోజులకే, నీల్ గ్యాప్ దగ్గర అంగట్లో ఆగి, బరువు సామాన్లు ఇంటికి పోస్టు చేస్తారు. కాళ్లు గట్టిపడేది ఆ తర్వాత. ఈలోగా మనిషికి ఇంకొకటి అలవాటు కావాలి: ముక్కూమొహం తెలియనివాళ్ల చేతి నీళ్లు తాగడం. కలిసి నడిచినంత మాత్రాన బాటసారులకు సఖ్యం కుదరదు. కలిసి పుచ్చుకున్నప్పుడే కుదురుతుంది.

ఈ మాటకు ఘంటసాల ఊరే సాక్ష్యం. రెండో శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న రేవుపట్నం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. అయితే నా వాదనకు పనికొచ్చే మనిషి నాగార్జునకొండ శాసనంలో ఉంది. ఆమె బోధిసిరి అనే ఉపాసిక. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో తన దానాల పద్దు చెక్కించింది. పూర్వశైలంలో చెరువు, సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, కంటకసేలలో, అంటే ఈ ఘంటసాలలోనే, మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. ఆమె లెక్కలో అది పుణ్యం పద్దు కావచ్చు. నడిచొచ్చేవాడికి మాత్రం చెరువంటే నీళ్లు, మండపమంటే నీడ. నల్లరేగడి తడిసిందంటే అడుగడుక్కీ పాదానికి ముద్దలా అంటుకునే ఈ నేలలో ఆ నీడ విలువ ఎంతో వేరే చెప్పాలా? వానల్లో భిక్షువులు పచ్చికనూ పురుగునూ తొక్కుతూ తిరుగుతున్నారని జనం నొచ్చుకోబట్టే, వానాకాలం ఒకచోటే ఉండాలనే వర్షావాస నియమం వచ్చిందని వినయపిటకం చెబుతుంది. అంటే నడిచేవాళ్ల కట్టుబాట్లను దారి పక్క కాపురమున్నవాళ్లే దిద్దారు. బాటసారుల సమాజంలో సగం మంది గడప దాటనివాళ్లే.

పుచ్చుకోవడం గొప్పేమిటి, అది బిచ్చం కాదా అని అడగవచ్చు. వినోబా భావే 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి నుంచి నడక మొదలుపెట్టి, నాలుగో రోజున, 18న పోచంపల్లి చేరాడు. హరిజనవాడ వాళ్లు 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానని లేచాడు. ఆ తర్వాత పదమూడేళ్లు సాగిన భూదాన యాత్ర ఆ సాయంత్రం పుట్టిందే. భూదానంలో వచ్చిన నేలంతా పేదల చేతికి అందలేదు, నిజమే. నేను చూపించేది ఆ ఫలితాన్ని కాదు. తనదంటూ ఏమీ తీసుకురాని మనిషి ముందు ఊరు నోరు విప్పింది. కారులో దిగినవాడికి అర్జీలు అందుతాయి. నడిచొచ్చినవాడికి ముందు మంచినీళ్లు అందుతాయి, ఆ వెనకే మనసులో మాట.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. మజిలీల్లో ఏ వసతి దొరుకుతుందో ఓపిగ్గా రాసిపెట్టాడు. కానీ ఆయన ప్రయాణం పల్లకిలో. బొబ్బలు లేచింది బోయీల పాదాలకు, భుజాలకు. దారి ఒకటే అయినా అంతస్తులు చెరిగిపోలేదు. అంతెందుకు, చలివేంద్రాన్నే చూడండి. ముంతతో పైనుంచి ధారగా పోస్తుంటే వంగి దోసిలి పట్టి తాగడం ఒకప్పుడు బాటసారికి మామూలు. అదే ధారను అంటు తగలకుండా ఎత్తు నుంచి కొందరి చేతుల్లోకి పోసిన ఆచారమూ మనదే. వాళ్లు యాత్రికులు కారు, ఆ ఊరివాళ్లే. బతుకంతా దోసిలి పట్టారు. అయినా వాళ్లకూ పోసినవాళ్లకూ సఖ్యం కుదరలేదు.

ఈ ఆక్షేపణతో నా వాదన కూలదు గానీ, దానికి హద్దు ఏర్పడుతుంది. దోసిలి కొందరికి రాతగా, కొందరికి ముచ్చటగా ఉన్నంతకాలం అది అవమానమే. అందరికీ వంతులవారీగా వస్తేనే స్నేహం. దూరపు నడకకు ఆ వంతు మార్చే శక్తి ఉంది, అదీ మొదటి రోజుల్లోనే. దాహం, బొబ్బ ఇంకా కొత్తగా ఉన్నప్పుడే మనిషి ఏ గుమ్మం ముందైనా ఆగుతాడు. నాలుగు వారాలు గడిస్తే నడవడం వచ్చేస్తుంది, సత్రాల ఆనుపానులు తెలిసిపోతాయి, తన వాళ్లెవరో వెతుక్కోవడమూ మళ్లీ అలవాటవుతుంది. కాబట్టి యాత్రకు బయల్దేరేవాడు మూట తేలిక చేసుకుంటే సరిపోదు. ఇంతకాలం తన ఇంటివాళ్లు ఎవరి చేతి నీళ్లు తాగలేదో, ఆ వాడ దగ్గరే మొదటి మజిలీ వేయాలి. చేతిలో కర్ర పక్కన పెట్టి, వంగి దోసిలి పట్టాలి.